తప్పేమిటో చెప్పని బొమ్మ

ఊరికే వచ్చిన డబ్బాలు

ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తామంటే నాకు ముందు భయం వేస్తుంది, ఆ తర్వాతే సంతోషం. మద్రాసులో ఒక గ్రంథాలయం వాళ్ళు అమెరికా సినిమా డబ్బాలు అద్దె లేకుండా పంపిస్తామని నెల్లూరులోని మా వయోజన విద్యా సంఘానికి కబురు చేసినప్పుడు సంఘంలో అందరూ మురిసిపోయారు. నేను మాత్రం, "దీనివల్ల వాళ్ళకేమిటి లాభం?" అన్నాను. నా మాట ఎవరూ చెవిన పెట్టలేదు. పైగా, ఇంగ్లీషు టీచరువు కదా, తెర పక్కన నిలబడి కథ తెలుగులో చెప్పే పని నీదేనని నా నెత్తిన పెట్టారు.

చైనా యుద్ధం అయిపోయాక వచ్చిన రెండో వేసవి అది. బడికి సెలవులు. నాది భీమవరం వైపు. ఉద్యోగం కోసం నెల్లూరు వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఒంటరి మనిషిని, ఎక్కడికి పోతున్నావని అడిగేవాళ్ళు లేరు. నెల్లూరు సముద్రం ఒడ్డున జనం ఎలా బతుకుతారో చూడాలని ఎప్పటినుంచో ఉంది. సరేనన్నాను.

బయలుదేరేముందు సంఘం గదిలో సినిమా వేయించుకుని చూశాను. అమెరికాలో దక్షిణాన, సముద్రం ఒడ్డున రొయ్యలు పట్టి బతికే ఒక నల్లవాళ్ళ కుటుంబం కథ. తండ్రి, తల్లి, నాయనమ్మ, ఒక చిన్న కూతురు. తన పూర్వీకులను ఓడల్లో తెచ్చి సంతలో ఎలా అమ్మారో నాయనమ్మ మనవరాలికి చెబుతుంది. తర్వాత వాళ్ళ ఇల్లు, వాళ్ళ భోజనాలు, ఆదివారం పాటలు. రేవులో తెల్లవాళ్ళకొక కుళాయి, వీళ్ళకొక కుళాయి. తెల్లవాళ్ళ సరుకంతా కొన్నాకగానీ తండ్రి తెచ్చిన రొయ్యల వైపు ఎవడూ చూడడు. రెండో రీలులో, అంతవరకు తెల్లపిల్లలు మాత్రమే చదివిన బడికి ఆ పిల్ల మొదటిసారి వెళుతుంది. నిజం చెబుతున్నాను, ఏడ్చాను. కళ్ళు తుడుచుకోగానే అనుమానం వచ్చింది. తమ ఇంటి మురికిని తామే డబ్బాలో పెట్టి పొరుగు దేశానికి ఎవరైనా పంపుతారా?

మిషను నడిపేది సుబ్బరామయ్యగారు. పెద్దవయసు, పొట్టి మనిషి, మాటలు తక్కువ. తన మీద నిఘాకు సంఘం నన్ను పంపిందని ఆయన అనుమానం. జెనరేటరుకిచ్చిన పెట్రోలు ఆయన దారిలో ఎక్కడో అమ్ముతాడని నా అనుమానం. అలా ఒకరినొకరం కనిపెట్టుకుంటూ జీపు ఎక్కాం.

వరిపొలాల దగ్గర

తోటపల్లి గూడూరులో టీ తాగడానికి ఆగాం. టీ పది పైసలు, గ్లాసు చిన్నది, చక్కెర మాత్రం పాకంలా పోశాడు. హోటలాయన నన్నూ సుబ్బరామయ్యగారినీ మార్చి మార్చి చూసి, "ఈయన మీకు ఏమవుతారమ్మా?" అని అడిగాడు. ఏమీ కారన్నాను. ఆ జవాబుతో ఆయన ముఖం మరింత బిగుసుకుంది. రెండోసారి ఎవరో అడిగినప్పుడు మేనమామ అని చెప్పేశాను. సుబ్బరామయ్యగారు ఉలిక్కిపడ్డారు కానీ ఆ తర్వాత ఆ ప్రశ్న రాలేదు.

ఆ సాయంత్రం ఆట అక్కడికి కొంచెం దూరంలో, పొలాల మధ్య ఒక పల్లెలో. మా జీపు ఊళ్ళోకి రాగానే ఒక విచిత్రం చూశాను. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళు గబగబా లోపలికి పోయి వస్తున్నారు. వచ్చేసరికి మెడలో పసుపుతాడు తప్ప మరేమీ లేదు, చెవులు బోడిగా ఉన్నాయి. యుద్ధమప్పుడు దేశరక్షణకు బంగారం అడుగుతూ ఇలాంటి జీపులోనే ఎవరో వచ్చారట. మేమూ అందుకే వచ్చామనుకున్నారు. సినిమా చూపించడానికి వచ్చామంటే, "ఆ, మొదట అట్టనే చెప్తారు" అంది ఒకావిడ.

మాకు భోజనం ఊరి పెద్దరైతు ఇంట్లో. మొలగొలుకుల బియ్యం అన్నం, మామిడికాయ పప్పు, గడ్డపెరుగు. మా గోదావరి వైపు అన్నం ఎంత బాగున్నా ఈ మొలగొలుకుల వాసన రాదు. నాకు ఒప్పుకోవాలని లేదు గానీ రెండోసారి వడ్డించుకున్నాను. ఆ రైతు మంచివాడే, కానీ నాలాంటి మనిషే. సినిమా అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "తమ పరువు తామే తీసుకునే బొమ్మ ఊరికే చూపిస్తారా టీచరుగారూ? రేపు ఎరువుల బస్తాలేవో అంటగట్టడానికి ఇది ముందస్తు ఎర" అన్నాడు. నా మనసులో మాట ఆయన నోట వినగానే నాకు ఎందుకో కోపం వచ్చింది.

ఆ ఆటలో నేను మరిచిపోలేనిది ఒకటి ఉంది. రైతులు తెర ముందు చాపల మీద కూర్చున్నారు. వాళ్ళ పొలాల్లో నాట్లు వేసే మాలపల్లె వాళ్ళు బాటకు అవతల నిలబడి చూశారు. ఎవరూ వాళ్ళను అక్కడ నిలబడమనలేదు, ఇవతలికి రమ్మనీ అనలేదు. తెర మీద రెండు కుళాయిలు వచ్చినప్పుడు నేను మైకులో ఉన్నదున్నట్టు చెప్పాను. బాటకు ఈ పక్కా ఆ పక్కా ఒక్కరు కూడా దగ్గలేదు. నాకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు.

కాలువ మీద

మరునాడు జీపు కాలువ గట్టు దాకానే వెళ్ళింది. బకింగ్‌హాం కాలువ దాటితే అవతల ఇసుక, సరుగుడు తోటలు, ఆ తర్వాత సముద్రం. ఉప్పు మూటలు వేసుకుని మద్రాసు పోయే పడవలు వరుసగా కట్టేసి ఉన్నాయి. మమ్మల్ని దాటించడానికి ఒప్పుకున్న పడవాయన మేము పోయే పాలెం పేరు వినగానే తెడ్డు ఆపాడు. ఆ పేరు నేనిక్కడ రాయను. ఎందుకో ముందుకు చదివితే తెలుస్తుంది.

"ఇప్పుడెందుకమ్మా ఆడికి? మనుషులు సరిగ్గా లేరు" అన్నాడు.

"ఏమైంది?"

"నాకేం తెలుసు. అడిగితే చెప్పరు, చెప్పితే బతకనీరు."

అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు. ఆ మాటలకు కంగారుపడి సుబ్బరామయ్యగారు లేచి నిలబడ్డారు. పడవ ఒరిగింది, చుట్టి పెట్టిన మా తెర బుడుంగుమని నీళ్ళలో పడింది. బయటికి తీసేసరికి నల్లటి బురద. పిండితే మరింత పాకింది. ఆయన దానికేసి, నాకేసి చూసి, "ఇది కూడా సంఘానికి రాస్తారా?" అన్నారు. అప్పుడు నాకు మొదటిసారి ఆయన మీద జాలి వేసింది.

కొస గుడిసె

కూలీల భుజాల మీద మిషనూ చిన్న జెనరేటరూ ముందు పోతుంటే ఇసుకలో వెనకబడ్డాను. మిట్టమధ్యాహ్నం. చెప్పుల్లోకి ఇసుక చేరి అరికాళ్ళు కాలిపోతున్నాయి. పాలెం ఇంకా కొంత దూరం ఉండగానే, మిగతా ఇళ్ళకు ఎడంగా ఒక గుడిసె కనబడింది. వాకిట్లో ఒకామె వల ముందేసుకుని కూర్చుంది. దాహమన్నాను. ఆమె ఒక క్షణం నన్ను చూసి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. సముద్రం పక్కన ఇంత మంచినీళ్ళా అంటే, ఇసుకలో దొరువు తవ్వుకుంటామని చెప్పింది. అడగకుండానే చద్దన్నం, వేయించిన నెత్తళ్ళు కూడా పెట్టింది. మేము చేపలో చింతపండు లేనిదే ముద్ద ఎత్తం. వీళ్ళు ఉప్పూ కారంతోనే అంత రుచి ఎలా తెస్తారో.

ఆమె పేరు పోలమ్మ. పుట్టిల్లు జువ్వలదిన్నె అట. భర్త పెంచలయ్య ఒడ్డున పడవ పక్కన ఊరికే కూర్చుని ఉన్నాడు. అందరి పడవలూ వేటకు పోతే ఈ పడవ ఒక్కటే ఇసుకలో ఉంది. పలకలు ఎండి నెర్రెలు విచ్చుతున్నాయి.

"వేటకు పోలేదా?" అన్నాను.

"తోసేవాళ్ళు ఉంటే గదా" అంది పోలమ్మ.

అప్పుడు పాలెం వైపు నుంచి ఒక పిలుపు. నడుముకు తెల్లని పంచె, భుజాన మరో పంచె వేసుకున్న పెద్దాయన. ఆయనే ఆ పాలెం పెద్దకాపు. అది మావైపు అనుకునే కులం పేరు కాదు, పాలేనికి పెద్ద అని అర్థం. నా చేతిలో చెంబు, నా ముందు ఖాళీ పళ్ళెం చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు, విసుగు ఉంది.

"తినేసినారా? అయితే ఇంక మా ఇంటికి రాబళ్ళేదు టీచరమ్మా. ఆ ఇంటిమీద దురాయి ఉండాది. ఆడ నీళ్ళు తాగినోళ్ళ మీద గూడా ఉన్నట్టే."

దురాయి అంటే ఏమిటో ఆ మధ్యాహ్నమంతా తలా ఒక ముక్క చెబితే నాకు అర్థమైంది. పాలెం పెద్దలు పెట్టే కట్టడి అది. ఈ రోజు ఎవరూ సముద్రంలోకి పోకూడదని దురాయి పెడతారు. తప్పెట కొట్టి చెబుతారు. మీరినవాళ్ళ ఇంటిమీద మళ్ళీ దురాయి. వాళ్ళకు ఎవరూ నిప్పివ్వరు, వాళ్ళ చేప కొననివ్వరు, పడవ నీళ్ళలోకి తోయడానికి చెయ్యి వేయరు. పది చేతులు లేనిదే ఆ బరువు కదలదు. తప్పు ఒప్పుకుని, తప్పు కింద పెద్దలు చెప్పింది కట్టి, ఆకూ వక్కా ఇస్తే, పెద్దకాపు అది అందుకున్న క్షణంలో అంతా పోతుంది. ఆ తర్వాత దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు. పోలీసు లేడు, కోర్టు లేదు. మా గోదావరి వైపు భూమి తగాదాలు తాతల నుంచి మనవళ్ళ దాకా సాగుతాయి. అది తలుచుకుంటే ఈ పద్ధతే నయమనిపించింది, పెంచలయ్య సంగతి వినేదాకా.

పక్క పాలెంలో ఒక మనిషి సముద్రంలో పోయాడట. శవం ఒడ్డుకు చేరేదాకా వేటకు పోరాదని దురాయి. ఆ రోజే పెంచలయ్య పడవ నిండా చేపతో వచ్చాడు. "తప్పెట కొట్టకముందే నేను లోపల ఉండాను. నాకెట్ట తెలుస్తాది?" అంటాడు అతను. తప్పెట కొట్టేటప్పుడు ఆ పడవ ఒడ్డునే ఉందని పాలెం అంటుంది. ఎవరు నిజం చెబుతున్నారో నాకు తెలియదు. పెంచలయ్య మాట్లాడేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. పెద్దకాపు మరీ ఎక్కువగా చూశాడు. నాకు ఇద్దరి మీదా అనుమానమే.

"చెయ్యని తప్పు కట్టను" అన్నాడు పెంచలయ్య. "ఇంకో వారం చూసి జువ్వలదిన్నె పోతాం."

"అక్కడ ఏం చేస్తారు?"

"మా వాళ్ళ పడవల్లో కూలికి పోతాడు" అంది పోలమ్మ. "సొంత పడవ ఉండి." ఆ మాట అంటూ ఆమె వల పక్కకు తోసేసింది. అప్పటిదాకా ఆమె అంత మామూలుగా ఎలా మాట్లాడుతోందా అనుకున్నాను.

పంచెల తెర

తెర లేదు కాబట్టి పెద్దకాపు తన ఉతికిన పంచెలు రెండు తెచ్చి కలిపి కుట్టించాడు. వాటిని రెండు వాసాలకు కట్టారు. సుబ్బరామయ్యగారికి ఆయన ఇంట్లో పచ్చిమామిడికాయ వేసిన చేపల పులుసుతో భోజనం. నాకు లేదు. సుబ్బరామయ్యగారు తేన్చుతూ వచ్చి నా పక్కన నిలబడ్డారు. ఆ వాసనకు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

దురాయిలో ఉన్నదాన్ని నేను కథ చెప్పవచ్చా అన్న దానిమీద కొంచెం సేపు చర్చ జరిగింది. చివరికి పెద్దకాపు తేల్చాడు: "మాట పెట్టెలోంచి వస్తాది గదా, ఆమె చేతిలోంచి కాదు. చెప్పమనండి. మనిషి మాత్రం జనంలో కూసోకూడదు."

అలా నేను మైకు పట్టుకుని తెర వెనక్కి పోయాను. అక్కడ పెంచలయ్య, పోలమ్మ ముందే కూర్చుని ఉన్నారు. పల్చటి పంచెలు, బొమ్మ వెనక్కి కూడా బాగానే కనబడుతుంది. కుడి ఎడమైంది, అంతే. పొద్దు గూకింది. జెనరేటరు మోత మొదలైంది.

ఆ పాలెం వాళ్ళు సినిమా చూసినట్టు నేను ఎక్కడా చూడలేదు. సంతలో మనుషులను అమ్మే బొమ్మలు వచ్చినప్పుడు ఎవరూ కదల్లేదు. తండ్రి వల బాగుచేస్తుంటే మాత్రం అవతల నుంచి, "కన్ను పెద్దదిరా ఆ వలకు, రొయ్య నిలవదు" అని ఒకడు, "వాళ్ళ రొయ్య అంత ఉంటాదేమో" అని ఇంకొకడు. నాయనమ్మ మనవరాలి తల దువ్వుతుంటే ఆడవాళ్ళు నవ్వారు. ఆ పిల్ల తల తిప్పుకునే తీరు వాళ్ళ పిల్లలదేనట. ఇక రేవులో రెండు కుళాయిలు, రొయ్యల గంపల దగ్గర ఆ తండ్రి ఒక్కడూ నిలబడి ఉండటం. అక్కడ నవ్వులు ఆగాయి.

మొదటి రీలు అయిపోయింది. సుబ్బరామయ్యగారు రెండోది ఎక్కిస్తున్నారు. అవతల గుసగుసలు. పెద్దకాపు గొంతు వినబడింది.

"టీచరమ్మా, ఆ వలాయన మీద దురాయి ఎవురు పెట్టినారు?"

అది దురాయి కాదన్నాను.

"ఎట్ట కాదు? నీళ్ళు వేరే. చేప కొనరు. పక్కన ఎవురూ నిలబడరు. మాకు తెలవదా? ఏం తప్పు చేసినాడు?"

"ఏ తప్పూ చేయలేదు. నల్లగా పుట్టాడు, అంతే. వాళ్ళ తాతముత్తాతల కాలం నుంచీ అలాగే ఉంది."

నా మాట పెట్టెలోంచి పాలెమంతా వినబడింది. తర్వాత ఒక ముసలాయన, "అయితే తాత చేసినాడేమో తప్పు. ఎవురూ కట్టినట్టు లేదు" అన్నాడు. ఎంత కట్టాలో అడగమని ఒకరు, అంత సముద్రం పక్కన ఉండి కట్టలేరా అని మరొకరు. నేను మళ్ళీ చెప్పాను, తప్పేమీ లేదని. అప్పుడు పెద్దకాపు గొంతు మారింది.

"తప్పు లేకుండా దురాయి ఉండదమ్మా. నువ్వు కథ సగం దాస్తుండావు."

"నేనేమీ దాచడం లేదు."

"మరి ఈ బొమ్మ ఇప్పుడే, మా పాలేనికే ఎందుకు వొచ్చింది? వలలు చూపిస్తుంది, పడవ చూపిస్తుంది, ఒక్కడే నిలబడినోణ్ణి చూపిస్తుంది. వొస్తా వొస్తానే నువ్వు ఆ ఇంట్లో నీళ్ళు తాగినావు. మనుషులకు మసి పూసి ఇదంతా నెల్లూరులో తీయించినారు. పెంచలయ్యా, ఎవురి కాడికి పోయినావురా?"

పెంచలయ్య తెర వెనక నుంచి, "నేను కాలువ దాటి ఎన్నాళ్ళయిందో నీకు తెలవదా" అన్నాడు. అతని గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఎవరి మీదైనా అనుమానపడే హక్కు నాదనుకునేదాన్ని. నన్ను ఎవరైనా అనుమానిస్తే ఇలా ఉంటుందని తెలియదు.

సముద్రం చూసినవాళ్ళు

పెద్దకాపు లేచి నిలబడ్డాడు. ఈ బొమ్మ మీద దురాయి పెడుతున్నానన్నాడు. మిగతా సగం చూసినవాళ్ళు చూడని వాళ్ళతో కలవకూడదు. ఎవరూ ఎదురు చెప్పలేదు. అందరూ లేచారు, పిల్లలను చంకనేసుకున్నారు. చాపలు దులిపారు. కానీ ఇళ్ళకు పోలేదు. తెర పక్కగా నడిచి వచ్చి ఒడ్డు వైపు, అంటే మేము కూర్చున్న వైపు, చల్లగాలికి అన్నట్టు సముద్రానికి ఎదురుగా కూర్చున్నారు.

పోలమ్మ నన్ను చూసింది. "మా మీద ఎట్టాగూ ఉండాది గదా. ఇంకోటి వొచ్చి ఏం జేస్తాది? మేం చూస్తాం" అంది. మొగుడి చెయ్యి పట్టుకుని లేపి, తెర ముందు పక్కకు తీసుకుపోయింది. అంత ఇసుకలో వాళ్ళిద్దరే. ఇన్నాళ్ళూ పాలేనికి ఎడంగా ఉన్నవాళ్ళు, పాలెమంతా ఖాళీ చేసిన చోట నడిమధ్యన కూర్చున్నారు.

నేను ఎటు పోవాలో తెలియక తెర వాసం పక్కనే నిలబడ్డాను. అక్కడి నుంచి రెండు పక్కలా కనబడుతుంది. రీలు తిరిగింది. తల్లి కూతురి గౌను ఇస్త్రీ చేస్తోంది. తండ్రి ఆ రోజు వేట మానేశాడు. పిల్ల పుస్తకాలు పట్టుకుని బయలుదేరింది. బడి దారికి అటూ ఇటూ జనం, అరుపులు. వాళ్ళేం అరుస్తున్నారో నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

అప్పుడు వెనక పక్కకు చూశాను. సముద్రాన్ని చూస్తున్న వీపులు ఒక్కొక్కటే తిరిగాయి. ముందు పిల్లలు, తర్వాత ఆడవాళ్ళు. తెర వెలుతురు వాళ్ళ ముఖాల మీద కదులుతోంది. కొంతసేపటికి పెద్దకాపు కూడా మెడ తిప్పాడు. నేను చూస్తున్నానని గమనించి మళ్ళీ సముద్రం వైపు తిరిగాడు. మళ్ళీ ఇటు తిరిగాడు.

పిల్ల ఆ జనం మధ్య నడుస్తోంది. చీకట్లోంచి ఒక ముసలామె, "ఆ బిడ్డ పక్కన ఎవురన్నా నడవండ్రా" అంది. ఆమె పెద్దకాపు తల్లి అని తర్వాత తెలిసింది. ఎవరూ ఆమెను కసరలేదు. నేను మైకు దించేశాను. కథ చెప్పకపోయినా ఎవరికీ లోటు కాలేదు.

పిల్ల బడి మెట్లెక్కి లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. బొమ్మ అంతే. కుళాయిలు ఏమయ్యాయో, తండ్రి రొయ్యలు కొన్నారో లేదో అందులో లేదు.

సామాను సర్దుతుంటే పెద్దకాపు మా పక్క నుంచి పోతూ ఆగాడు. "ఈ పూట సంద్రం బాగుండాది" అని సుబ్బరామయ్యగారితో అన్నాడు.

ఆకూ వక్కా

ఆ రాత్రి పోలమ్మ గుడిసెలో పడుకున్నాను. పొద్దున్నే కబురొచ్చింది. పెంచలయ్య, పోలమ్మ, నేను ముగ్గురం రావాలని. మిషను పట్టుకుంటారని సుబ్బరామయ్యగారు పెట్టె మీద కూర్చున్నారు. "ఏదో మెలిక ఉండాది" అన్నాడు పెంచలయ్య దారిలో. పోలమ్మ అప్పటికే సామాను మూట కట్టి పెట్టింది.

ఒడ్డున తాటాకు పందిరి కింద పెద్దలు కూర్చున్నారు. రాత్రి బొమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు. చూసినవాళ్ళు ఎవరూ లేరు కదా. పెద్దకాపు నిద్రపోయినట్టు లేడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెంచలయ్యను ఒక్క మాటా అడగలేదు. పోలమ్మ వైపు తిరిగాడు.

"నిన్న మజ్జానం ఈ టీచరమ్మ మీ ఇంట్లో నీళ్ళు తాగిందా?"

"తాగింది."

"మా ఇంటిమీద దురాయి ఉండాది, తాగొద్దని చెప్పినావా?"

పోలమ్మ తల దించుకుంది. "చెప్పలా."

"ఊరికి వొచ్చిన మనిషికి చెప్పకుండా నీళ్ళిచ్చి ఆమెను గూడా ఇందులో కలిపినావు. అది తప్పా, కాదా?"

నేను మధ్యలో లేచాను. దాహమని అడిగింది నేను, అందులో ఆమె తప్పేమిటన్నాను. పెద్దకాపు నన్ను కూర్చోమన్నాడు. ఆ చూపులో నిన్నటి అనుమానం లేదు, బతిమాలుతున్నట్టుంది. నాకు అప్పటికీ అర్థం కాలేదు. పెంచలయ్యకు ముందు అర్థమైంది. అతను పెద్దకాపును చాలాసేపు చూశాడు, ఎక్కడ ఉచ్చు ఉందో వెతుకుతున్నట్టు. అందరూ అతని నోటికేసి చూస్తున్నారు.

"తప్పే" అన్నాడు చివరికి. "అది మా తప్పే."

"అయితే ఒక టెంకాయ, ఆకూ వక్కా."

పోలమ్మ పరుగున పోయి తెచ్చింది. పెంచలయ్య ఆకులు అందించాడు. పెద్దకాపు రెండు చేతులా అందుకుని, ఒక ఆకు నోట్లో వేసుకున్నాడు. "ఆ ఇంటిమీద ఇంక ఏమీ లేదు" అన్నాడు.

పక్కనున్న ఒకడు గొంతు సవరించుకున్నాడు. "మరి ఆ దినం సంద్రంలోకి పోయిన సంగతి?"

"ఏ దినం?" అన్నాడు పెద్దకాపు, ఆకు నములుతూ.

అంతే, అందరూ లేచారు. నిన్నటిదాకా ఆ పడవ నీడను కూడా తొక్కనివాళ్ళు దాని చుట్టూ మూగారు. నెర్రెలు చూసి, ఇది నీళ్ళు పీల్చకుండా నిలబడదు, ముందు అలల్లో నానబెట్టాలని తలా ఒక మాట అన్నారు. ఏలేలో అంటూ తోశారు. పెద్దకాపు కూడా చెయ్యి వేశాడు. పడవ ఇసుక మీద బరబరా జారి నీళ్ళను తాకినప్పుడు పెంచలయ్య దాని అంచు పట్టుకుని ఏడ్చాడు. చూడనట్టు అందరూ తోస్తూనే ఉన్నారు.

నాకు సంతోషం కలిగింది, కానీ మనసు కుదుటపడలేదు. అతను ఆ రోజు దురాయి మీరాడో లేదో ఇక ఎవరూ అడగరు. అది పెద్దకాపు దయా, లేక తన మాట తప్పయిందని ఒప్పుకోకుండా బయటపడే ఎత్తా? రెండూనేమో. పోనీ అంటే, దాహమన్న మనిషికి నీళ్ళివ్వడం తప్పుగా పాలెమంతటి ముందు ఒప్పుకోవలసి వచ్చింది. ఆ మాటే పోలమ్మతో అన్నాను, మూట విప్పుకుంటున్న ఆమె దగ్గర సెలవు తీసుకుంటూ. నీకు అన్యాయం జరిగింది, నావల్ల జరిగింది అన్నాను.

ఆమె నవ్వింది. నా చేతిలో ఎండు నెత్తళ్ళ పొట్లం పెట్టింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ముఖం ముడుచుకుంది.

"రేత్రంతా ఆ బిడ్డే కళ్ళల్లో తిరిగిందమ్మా. ఆ డబ్బాలిచ్చినోళ్ళను అడుగు, ఆ బిడ్డోళ్ళకు గూడా ఏదన్నా ఒక తప్పు చూసి పెట్టమని. చిన్నదైనా సరే. తప్పంటా ఉంటే కట్టేసి బయటపడొచ్చు. ఏ తప్పూ లేకపోతే, ఇంక దాన్ని ఎట్ట తీసేది?"